రైలు రాకముందే రైలెక్కిన తాతగారు: జ్ఞాపకాల రచనను ఎంతవరకు నమ్మవచ్చు?

మా తాతగారు 1978లో, పర్లాకిమిడిలో ఉపాధ్యాయ ఉద్యోగం నుంచి విరమించిన ఏడాది, నాలుగు రూళ్ల నోటుబుక్కులు కొనుక్కుని తన జీవితాన్ని రాసుకున్నారు. తనకు ఎనిమిదేళ్లున్నప్పుడు, అమ్మమ్మగారి ఊరైన గుణుపురంలో పిన్ని పెళ్లికి ఇంటిల్లిపాదీ రైలెక్కి వెళ్లిన సంగతి మొదటి పుస్తకంలో రెండు పేజీల నిండా ఉంది. కిటికీలోంచి తల బయటపెడితే కంట్లో బొగ్గు నలుసు పడటం, తల్లి కొంగు కొసను ఉండచుట్టి, నోటి ఆవిరి పట్టి కంటికి అద్దడం, గుణుపురంలో దిగేసరికి వంశధార మీద చీకటి ముసురుకుంటూ ఉండటం చదువుతుంటే ఆ నలుసు మన కంట్లోనే పడినట్టుంటుంది. చిక్కల్లా ఒక్కటే. ఆయన పుట్టింది 1920లో. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా రెండున్నర అడుగుల సన్నపట్టాల రైలు 1900లోనే వచ్చింది కాని, దానిని గుణుపురం దాకా పొడిగించడం 1929లోనూ 1931లోనూ రెండు దఫాలుగా జరిగింది. 1928లో గుణుపురంలో రైలు దిగడం ఎవరి తరమూ కాదు.

ఈ సంగతి బయటపడిన రోజున మా ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. రైలే అబద్ధమైనప్పుడు ఆ నాలుగు పుస్తకాల్లో మిగతాదంతా ఏది నిజమని నమ్ముతామని మా బాబాయి అన్నాడు. ఆయన మనసుకు అలా అనిపించింది, అనిపించినదే నిజం, రైల్వే లెక్కలతో మనకేం పని అని మా మేనత్త అంది. స్వీయచరిత్రల మీద సాహిత్య సభల్లో జరిగే వాదనలను చాలా ఏళ్లుగా వింటున్నాను; తిప్పి తిప్పి చూస్తే అవన్నీ ఈ రెండు పక్షాలకే వస్తాయి. ఒకరు పుస్తకాన్ని మొత్తంగా కొట్టివేస్తారు, మరొకరు మొత్తంగా క్షమిస్తారు. నా ఉద్దేశంలో ఇద్దరిదీ ఒకే పొరపాటు. జ్ఞాపకాల పుస్తకం ఒక్క వాంగ్మూలం కాదు. అందులో తేదీ ఒక రకం మాట, కంట్లో నలుసు మరొక రకం మాట, తల్లి అన్నట్టుగా రాసిన వాక్యం ఇంకొక రకం మాట, ఊరంతా ఏమనుకుందో చెప్పడం వేరొక రకం మాట, చెప్పకుండా వదిలేసినది అన్నిటికన్నా వేరైన సంగతి. వీటన్నిటికీ ఒకే తూకపురాయి పనికిరాదు.

ముందుగా అబద్ధం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అది అన్నిటికన్నా తేలికైనది. ఫిలిప్ లెజ్యూన్ అనే ఫ్రెంచి విమర్శకుడు 1975లో స్వీయచరిత్రను ఒక ఒప్పందంగా వివరించాడు: అట్ట మీది పేరు, లోపల ‘నేను’ అని కథ చెప్పే గొంతు, ఆ కథలో బతికిన మనిషి, ఈ ముగ్గురూ ఒక్కరేనని రచయిత పాఠకుడికి మాట ఇస్తున్నాడని. శ్రీశ్రీ తన జీవితాన్ని రాసుకుంటూ ‘అనంతం’ను నవల అన్నప్పుడు ఆ ఒప్పందం కట్టును తానే కొంత వదులు చేసుకున్నాడు, పాఠకుడికీ ఆ సంగతి తెలుసు. అలా కాకుండా కట్టు బిగించి ఉంచి లోపల కల్పన నింపితే అది మోసమే. అమెరికాలో జేమ్స్ ఫ్రై 2003లో తన మత్తుమందుల జీవితం గురించి అచ్చువేసిన పుస్తకంలో నెలల తరబడి జైల్లో ఉన్నానని రాశాడు. పోలీసు కాగితాలు చూస్తే ఆయన నిర్బంధంలో ఉన్నది కొన్ని గంటలేనని 2006లో బయటపడింది, ప్రచురణకర్తలు అడిగినవారికి డబ్బు తిరిగి ఇవ్వవలసి వచ్చింది. ఇందులో లోతుగా ఆలోచించవలసినది పెద్దగా లేదు. ఎన్ని గంటలో తెలిసీ నెలలని రాసిన మనిషికి జ్ఞాపకశక్తి చర్చలో చోటు లేదు.

మా తాతగారి రైలు ఆ జాతిది కాదు. గుణుపురానికి బండి కట్టుకుని వెళ్లామని రాస్తే ఆయనకు పోయేదేమీ లేదు, రైలని రాస్తే వచ్చేదీ లేదు. మూడేళ్ల తరువాత ఎప్పుడో గుణుపురానికి రైల్లో వెళ్లినప్పటి నలుసు, అంతకు ముందు ఎడ్లబండిలో వెళ్లిన పెళ్లి ప్రయాణంలోకి జరిగి ఉంటుందని నా ఊహ. బొగ్గు నలుసు నిజమే, తల్లి నోటి ఆవిరి నిజమే, పెళ్లీ నిజమే. కుట్టిన దారం మాత్రం తరువాతిది.

జ్ఞాపకం ఇలా కుట్టుకుంటుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పడం మొదలుపెట్టి చాలా కాలమైంది. కేంబ్రిడ్జిలో పనిచేసిన ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో అచ్చయిన తన గ్రంథంలో, ఉత్తర అమెరికా ఆదివాసుల జానపద కథ ఒకటి ఆంగ్ల విద్యార్థుల చేత చదివించి, కొంత కాలం గడిచాక మళ్లీ చెప్పించిన తీరు వివరించాడు. మొదటి కథలోని దోనెలు వాళ్ల నోట పడవలయ్యాయి, సీల్ జంతువుల వేట చేపల వేటగా మారింది, అర్థం కాని చోట్లు చల్లగా జారిపోయాయి. మరిచిపోయిన చోటును ఎవరూ ఖాళీగా ఉంచలేదు, తమకు అలవాటైన సామగ్రితో పూడ్చుకున్నారు, పూడ్చిన సంగతి వారికే తెలియదు. గుర్తు చేసుకోవడమంటే పెట్టెలో దాచిన వస్తువును బయటికి తీయడం కాదు, విరిగిన కుండను ప్రతిసారీ మళ్లీ అతికించడం. అతికే జిగురు అతికించే రోజుది.

దీనికి మా ఇంట్లో మంచి ఉదాహరణ మూడో నోటుబుక్కులో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి జమీందారీలో పెద్ద భాగం మద్రాసు రాష్ట్రంలోనే మిగిలిపోగా, పట్టణమూ దాని చుట్టుపక్కల కొంత భాగమూ మన్యమూ ఒరిస్సాలో చేరాయి. ఆ రోజు గురించి తాతగారు ఇలా మొదలుపెట్టారు: ‘ఆదివారమగుటచే బడి లేదు. నేను మహేంద్రతనయలో స్నానము చేయుచుండగా ఒడ్డుననున్న వారొకరు ఊరు పోయినదని చెప్పిరి. ఆ దృశ్యము నేటికిని నా కన్నులకు కట్టినట్లున్నది.’ అప్పటికి ఆయనకు పదహారేళ్లు. పాత పంచాంగం తిరగేస్తే 1936 ఏప్రిల్ 1 బుధవారం.

కన్నులకు కట్టినట్టుండటం ఆ దృశ్యం సరిగ్గా ఉందనడానికి రుజువు కాదు. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. ఆ వార్త ఎక్కడ, ఎవరి ద్వారా, ఏం చేస్తుండగా విన్నారో ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ అనే పరిశోధకులు మరునాటి ఉదయమే కళాశాల విద్యార్థుల చేత రాయించి కాగితాలు దాచి ఉంచారు. సుమారు రెండున్నరేళ్ల తరువాత వారిలో 44 మందిని అవే ప్రశ్నలు అడిగారు. 11 మంది చెప్పినది మొదటి కాగితంతో ఏ ఒక్క అంశంలోనూ కలవలేదు. పూర్తిగా సరిగ్గా చెప్పినవారు ముగ్గురే. తప్పు చెప్పినవారిలో చాలామంది ఎంతో ధీమాగా చెప్పారు, తమ చేతిరాత తమకే చూపించినా అసలు జ్ఞాపకం తిరిగి రాలేదు. రెండున్నరేళ్లకే ఇంత జరిగితే, నలభై రెండేళ్ల తరువాత కలం పట్టిన మనిషి ఆదివారం అని రాయడంలో వింత లేదు. ఆ రోజు బడికి సెలవిచ్చి ఉండవచ్చు, లేదా ఆయనే ఎగ్గొట్టి ఉండవచ్చు. ‘బడి లేదు’ అన్న ముక్క మనసులో మిగిలింది; ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు కావలసి వచ్చినప్పుడు ఆదివారం వచ్చి కూర్చుంది.

అయితే ఆ పేజీని ఇంతటితో కొట్టేయకూడదు, దాని అసలు విలువ ఇక్కడే మొదలవుతుందని నాకనిపిస్తుంది. పదహారేళ్ల కుర్రవాడికి ఆ బుధవారం అంత పెద్ద రోజుగా కనిపించిందా అన్నది సందేహమే. పెద్దవారికి మాత్రం అది పెద్ద రోజే. పర్లాకిమిడిలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి, పట్టణం ఒరిస్సాలో కలవడాన్ని సహించలేక ఆ ఏడాదే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. కాని మా తాతగారు ఆ దృశ్యాన్ని రాసుకున్నది 1978లో. అప్పటికి మనుమలు బడిలో ఒడియా అక్షరాలు దిద్దుతున్నారు, ఆయన తెలుగు పాఠం చెప్పిన తరగతి గదిలో పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు. ఆ నలభై రెండేళ్లలో జరిగినదానికి ఎక్కడో ఒక మొదలు కావాలి. ఒడ్డు మీద నిలబడి ఒకడు చెప్పిన ఆ మాట ఆయనకు మొదలైంది. కాబట్టి 1936 గురించి రాసిన ఆ పేజీ 1936కి బలహీనమైన సాక్ష్యం, 1978కి చాలా గట్టి సాక్ష్యం. జ్ఞాపకాలు చదివేవారు ప్రతి పేజీకీ రెండు తేదీలున్నాయని గుర్తుంచుకుంటే సగం తగవులు తీరిపోతాయి.

అదే పేజీలో తరువాతి వాక్యం ‘ఊరెల్ల కంటతడి పెట్టినది’ అని ఉంది. ఇది మరొక రకం మాట, దీనిని మరింత జాగ్రత్తగా పట్టుకోవాలి. ఆ రోజునే ఒడియావారు ఈనాటికీ ఉత్కళ దివసంగా పండుగ చేసుకుంటారు. మా వీధిలోనే, మా గోడకు గోడ ఆనుకుని ఉన్న ఒడియా కుటుంబంలో ఆ రోజు పాయసం వండుకున్నారని చెప్పుకుంటారు. పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్పించడానికి పాటుపడిన కృష్ణచంద్ర గజపతి ఆ పట్టణపు మహారాజే. 1937లో ఒరిస్సా రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి (నేటి లెక్కలో ముఖ్యమంత్రి) ఆయనే. తాతగారికి ఆ సంగతులేవీ తెలియక కాదు. ‘ఊరెల్ల’ అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది తనకు తెలిసిన ఇళ్లు. ‘నేను’ అని రాయవలసిన చోట ‘మేము’ అనీ, ‘మేము’ అనవలసిన చోట ‘ఊరు’ అనీ రాసేటప్పుడు మనిషి తనకు తెలియకుండానే సాక్షి స్థానం నుంచి ప్రతినిధి స్థానంలోకి జరుగుతాడు.

ఈ జరగడం ఎంత దూరం పోగలదో చెప్పడానికి గ్వాటెమాలా ఉదంతాన్ని మించినది లేదు, తీర్పు చెప్పడం కష్టమైనదీ అదే. అక్కడి మాయా తెగకు చెందిన రిగోబెర్తా మెంచూ నోటితో చెప్పగా మరొకరు రాసిపెట్టిన ఆత్మకథ 1983లో వెలువడింది. 1992లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 1999లో డేవిడ్ స్టోల్ అనే మానవశాస్త్రజ్ఞుడు ఆ ప్రాంతంలో విచారించి, తమ్ముడిని సైనికులు తన కళ్లముందే సజీవంగా తగలబెట్టారని ఆమె చెప్పినది అలా జరగలేదనీ, బడి మొహం చూడలేదన్న ఆమె నిజానికి క్రైస్తవ సన్యాసినుల పాఠశాలలో చదివిందనీ రాశాడు. తమ్ముడిని సైన్యం చంపిన మాట మాత్రం నిజం. అదే ఏడాది బయటికి వచ్చిన అక్కడి సత్యశోధన సంఘం నివేదిక, ఆ అంతర్యుద్ధంలో చనిపోయినవారూ జాడ లేకుండా పోయినవారూ రెండు లక్షల పైమాటేనని లెక్క కట్టింది. మెంచూ తన కథను తన ప్రజలందరి కథగా చెబుతున్నానని మొదట్లోనే అంది. అంటే ఎవరో ఒకరి కళ్లముందు జరిగినది ఆమె తన కళ్లలో పెట్టుకుంది. దీనిని అబద్ధమని తోసేసేవారు సమష్టి కథ చెప్పే సంప్రదాయాన్ని గమనించడం లేదు. నిజమేనని సమర్థించేవారు ‘నేను చూశాను’ అన్న మాటకున్న బరువును గమనించడం లేదు. నా మట్టుకు నేను రెండో విషయం దగ్గరే ఆగిపోతాను. హత్యలు జరిగాయనడానికి ఆమె పుస్తకం లేకపోయినా వేరే రుజువులున్నాయి. కాని చూడనిదాన్ని చూశానని చెప్పడం వల్ల, నిజంగా చూసి చెప్పిన మరో పదిమంది మాటను కూడా అనుమానించే అవకాశం చేతులారా ఇచ్చినట్టయింది.

చూడనిదాన్ని చూశాననుకోవడం మనకు కొత్తేమీ కాదు. మా అమ్మ పుట్టిల్లు బరంపురం. రెండేళ్లకొకసారి చైత్రంలో జరిగే బుడీ ఠాకురాణి యాత్రలో నాలుగేళ్ల వయసులో నేను తప్పిపోయాననీ, ఒంటి నిండా చారలు పూసుకున్న పులివేషం మనిషి నన్ను భుజం మీద ఎక్కించుకుని తెచ్చి అప్పగించాడనీ నాకు బాగా గుర్తు. ఆ రంగు వాసన కూడా గుర్తు. నలభై దాటాక ఒకసారి ఈ కథ చెబుతుంటే మా అమ్మ నవ్వి, తప్పిపోయింది నేను కాదనీ, మా అన్నయ్య అనీ, నేనప్పుడు ఆవిడ చంకలో ఉన్నాననీ చెప్పింది. ఎన్నోసార్లు విన్న కథలోకి నేనే నడిచి వెళ్లిపోయాను. ఎలిజబెత్ లాఫ్టస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1995లో అచ్చం ఇలాంటి సంగతినే పరీక్షకు పెట్టింది. చిన్నప్పుడు పెద్ద దుకాణాల సముదాయంలో తప్పిపోయారన్న కల్పిత కథను, ఇంట్లోవాళ్లు చెప్పిన నిజమైన సంఘటనల మధ్య కలిపి 24 మందికి ఇస్తే, ఆరుగురు తమకది కొంతో గొప్పో గుర్తుందన్నారు. చిన్న పరీక్ష కాబట్టి దాని మీద పెద్ద మేడ కట్టలేం కాని, ఐదారేళ్లలోపు సంగతులను స్వీయచరిత్రల్లో వాసనలతో సహా చదివినప్పుడు ‘ఇది ఈయనకు గుర్తుందా, ఈయనకు చెప్పారా’ అని ఒకసారి ప్రశ్నించుకోవడానికి అది చాలు.

నిజాయితీగా నమ్మి చెప్పినంత మాత్రాన మాట నిజం కాదని దీనివల్ల తేలుతోంది. బింజమిన్ విల్కొమిర్‌స్కీ పేరుతో 1995లో ఒక పుస్తకం వచ్చింది. నాజీ శిబిరాల్లో గడిచిన పసితనం గురించిన జ్ఞాపకాలవి. ఆయన స్విట్జర్లాండులో పుట్టి అక్కడే పెరిగినవాడనీ, ఆ శిబిరాల్లో లేనే లేడనీ తరువాతి పరిశోధనలో తేలింది. ఆయన మోసగాడా, తన కథను తానే నమ్మినవాడా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది. పాఠకుడికి మాత్రం రెండింటిలో ఏదైనా ఫలితం ఒక్కటే.

సంభాషణల విషయం వేరే. మా తాతగారి పుస్తకంలో ఆయన తల్లి ‘నాయనా, ఈ వేళగాని వేళ నెచ్చటికేగుచున్నావు?’ అని అడుగుతుంది. ఆవిడను ఎరిగినవారు ఎవరైనా చెబుతారు, ఆవిడ ‘ఏట్రా, ఈయేలప్పుడు ఎక్కడికెల్తన్నావు?’ అని ఉంటుందని, మధ్యలో ఒక ఒడియా ముక్క కూడా పడి ఉంటుందని. బడిలో నేర్చుకున్న గ్రాంథికం తప్ప రాతకు మరొక భాష తగదని నమ్మిన తరం అది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగువారి ఊళ్లోనే కూర్చుని ఇలా రాయడం చూస్తే నాకు నవ్వు వస్తుంది. నవ్వు సంగతి అటుంచితే, ఇందులో ఒక మేలుంది. ఈ వాక్యం తల్లి నోటినుంచి వచ్చినది కాదని, కొడుకు కలం నుంచి వచ్చినదని పుస్తకమే ఒప్పుకుంటోంది. ఇవాళ చక్కని యాసలో, దీర్ఘాలు సైతం సరిచూసుకుని రాసిన సంభాషణ అంతకన్నా నమ్మకంగా కనిపిస్తుంది, అంతకన్నా ఎక్కువగా మోసం చేస్తుంది. యాభై ఏళ్ల కిందటి పది నిమిషాల మాటలను ఎవరూ అక్షరాలా గుర్తుంచుకోలేరు. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదంతా ‘ఈ ధోరణిలో అంది’ అన్నంతవరకే తీసుకోవాలి. ఒక్క తిట్టు, ఒక్క సామెత, ఎవరికో పెట్టిన ముద్దుపేరు, ఇలాంటి పొట్టి మాటలు మాత్రం దశాబ్దాల పాటు చెక్కుచెదరకుండా ఉండిపోతాయి. వాటిని నేను నమ్ముతాను.

మరి దేనిని నమ్మాలో తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉందా అంటే, సాహిత్య విమర్శలో కంటే న్యాయస్థానంలో అది బాగా కనిపిస్తుంది. 1872 నాటి భారత సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది కాని, ఈ సూత్రాలు మాత్రం మారలేదు. నోటి సాక్ష్యం ప్రత్యక్షమైనదై ఉండాలి: చూసిన సంగతైతే చూసినవాడే చెప్పాలి, విన్నదైతే విన్నవాడే. సాక్షి జ్ఞాపకాన్ని తాజా చేసుకోవడానికి కాగితం చూడవచ్చు, కాని ఆ కాగితం సంఘటన జరిగినప్పుడో, ఆ వెంటనే జ్ఞాపకం తాజాగా ఉండగానో రాసినదై ఉండాలి. చనిపోయిన మనిషి మాట సాధారణంగా సాక్ష్యానికి రాదు. అయితే అది తన సొమ్ముకో ఆస్తికో నష్టం తెచ్చే మాటైతే స్వీకరించవచ్చు, ఎందుకంటే తనకు నష్టమయ్యే అబద్ధం ఆడేవాడు అరుదు. ఈ మూడింటినీ నోటుబుక్కుల మీద ప్రయోగించి చూశాను. ఉద్యోగంలో చేరిన తేదీలు, జీతాలు, అద్దెలు ఆయన పాత డైరీ చూసి రాశారు, అవన్నీ సరిపోయాయి. మెట్రిక్‌లో మొదటిసారి లెక్కల్లో తప్పి, ఏడాది పాటు ఇంట్లో దాచానని రాశారు; ఆ మాటకు వేరే సాక్ష్యం లేకపోయినా నమ్ముతాను. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. తప్పు ఒప్పుకోవడంలోనూ ఒక డాబు ఉంటుంది. చిన్న తప్పులు నాలుగు ధారాళంగా ఒప్పుకున్నవాడి మీద మనకు కుదిరే నమ్మకం, వాడు దాటవేసిన పెద్ద తప్పుకు కప్పు అవుతుంది.

గాంధీ ఈ విషయంలో ఎవరికన్నా తెలివిగా, ఎవరికన్నా నిజాయితీగా ప్రవర్తించాడు. నవజీవన్ పత్రికలో 1925 నుంచి వారం వారం తన ‘సత్యశోధన’ను రాస్తూ, మధ్యలో ఒక అధ్యాయంలో ఆగి, తన దగ్గర డైరీలు కాని కాగితాలు కాని లేవనీ, రాసే వేళకు లోపలినుంచి ఏది తోస్తే అది రాస్తున్నాననీ చెప్పాడు. ఎవరైనా కూర్చుని తనను అడ్డుప్రశ్నలు వేస్తే ఈ అధ్యాయాల మీద ఇంకా చాలా వెలుగు పడవచ్చునని కూడా అన్నాడు. న్యాయవాదిగా బతికిన మనిషి తన వాంగ్మూలం బలహీనత ఎక్కడుందో తానే వేలుపెట్టి చూపించాడన్నమాట. తన జ్ఞాపకం హద్దు ఎక్కడుందో చెప్పే రచయితను, ఆ హద్దుకు లోపలి సంగతుల్లో ఎక్కువగా నమ్మవచ్చు. ఏ పేజీలోనూ ‘సరిగ్గా గుర్తులేదు’ అన్న మాట లేని మూడువందల పేజీల స్వీయచరిత్ర చేతిలో పడితే నాకు వెంటనే అనుమానం కలుగుతుంది.

ఇంతదాకా చెప్పినవన్నీ ఉన్న మాటల్లోని దోషాలు. లేని మాట వీటన్నిటికన్నా గట్టిది. తాతగారి రెండో నోటుబుక్కులో చదువు గురించి పన్నెండు పేజీలున్నాయి. వారాలు చేసుకుని చదివానని, ఏ వారం ఏ ఇంట్లో ఏం పెట్టారో, ఏ ఇల్లాలు మజ్జిగ పలచన చేసేదో కూడా రాశారు. పైన చెప్పిన ఏ పరీక్ష పెట్టినా ఆ పేజీలు నిలుస్తాయి. మా చిన్నతాతగారు బతికుండగా చదివి, ఒక్క వాక్యం కూడా తప్పు కాదన్నారు. ఆ తరువాత ఇల్లు మరమ్మతు చేయిస్తున్నప్పుడు అటక మీద రేకుపెట్టెలో 1939 నాటి విక్రయ దస్తావేజు ఒకటి దొరికింది. తాతగారు అప్ప అని పిలిచే అక్కగారు, పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయి పుట్టింటికి చేరినావిడ, పసుపు కుంకుమల కింద తనకు ఇచ్చిన ఎకరం పల్లం అమ్మేసింది. అమ్మకానికి కారణం దస్తావేజులోనే రాసి ఉంది: ‘తమ్ముని విద్యా వ్యయము నిమిత్తము’. కింద ఆవిడ వేలిముద్ర.

నాలుగు నోటుబుక్కుల్లో అప్ప ప్రస్తావన రెండుచోట్ల వస్తుంది. పిన్ని పెళ్లికి వెళ్లినవారి జాబితాలో ఒకసారి, చనిపోయిన తిథి దగ్గర ఒకసారి. కష్టపడి పైకి వచ్చిన కుర్రవాడి కథ చెప్పుకోవడానికి ఆ ఎకరం అడ్డొచ్చిందో, ఆవిడ ఇచ్చింది కాబట్టి చెప్పనక్కరలేదనుకున్నారో, ఆ ఋణం తీర్చలేకపోయిన సిగ్గు కలం మీద చెయ్యి పెట్టి ఆపిందో, నేను నిర్ణయించలేను. వాక్యాలన్నీ నిజమై, పుస్తకం మాత్రం నిజం కాకుండా పోవడం ఇలా జరుగుతుంది. రైలు తప్పును పట్టుకోవడానికి రైల్వే చరిత్ర చాలు. ఈ తప్పును పుస్తకంలోంచి పట్టుకునే ఉపాయం లేదు. అటక మీద పెట్టె ఉండాలి, లేదా చదివేవారు ప్రతి స్వీయచరిత్రలోనూ ఖర్చు ఎవరు పెట్టారో, వంట ఎవరు చేశారో, పుస్తకంలో పేరు లేకుండా ఎవరు తిరుగుతున్నారో అడిగే అలవాటు చేసుకోవాలి. మన భాషలో మగవారు రాసిన జ్ఞాపకాల్లో ఇల్లాళ్లు, అక్కచెల్లెళ్లు ఎన్ని పేజీలు ఆక్రమిస్తారో వేళ్ల మీద లెక్కపెట్టి చూస్తే, ఇది మా ఇంటి సంగతి మాత్రమే కాదని తెలుస్తుంది.

రాసినవాడి తరువాత పుస్తకం ఎవరి చేతుల్లో పడుతుందన్నది కూడా దాని నిజానికి సంబంధించిన విషయమే. ఒడియాలో తొలి ఆత్మకథగా చెప్పుకునే ఫకీర్ మోహన్ సేనాపతి రచన, ఆయన 1918లో కన్నుమూసిన తొమ్మిదేళ్లకు గాని పుస్తకంగా రాలేదు. అలా వచ్చే ప్రతి పుస్తకం మీదా మరొకరి చెయ్యి ఆగి వెళుతుంది, ఆ చెయ్యి ఎంత మంచిదైనా సరే. మా ఇంట్లో ఇప్పుడు ఆ చెయ్యి నాది. బంధువుల కోసం వంద ప్రతులు అచ్చువేయాలని అనుకున్నప్పుడు, రైలును తీసేసి బండి పెడదామని బాబాయి, అలాగే ఉంచుదామని మేనత్త మళ్లీ మొదటికి వచ్చారు. అమెరికన్ రచయిత్రి మేరీ మెకార్తీ 1957లో తన బాల్యస్మృతులను పుస్తకంగా వేసేటప్పుడు, ముందు పత్రికల్లో వచ్చిన అధ్యాయాలను దిద్దలేదు. అధ్యాయాల చివర్లో కొత్త పేజీలు చేర్చి, ఇక్కడ నేను కల్పించాను, ఇక్కడ నా తమ్ముడికి మరోలా గుర్తుంది, ఇది రెండు సంఘటనలను కలిపింది అని రాసింది. నాకు తెలిసినంతలో ఇంతకన్నా మర్యాదైన పద్ధతి లేదు.

కాబట్టి రైలు అలాగే ఉంటుంది, కింద 1931 అన్న తేదీతో ఒక గమనిక ఉంటుంది. ఆదివారం అలాగే ఉంటుంది, కింద బుధవారం ఉంటుంది. తల్లి గ్రాంథికంలోనే అడుగుతుంది. వారాల భోజనాల పన్నెండు పేజీలు పూర్తయ్యాక, ఎదుటి పేజీలో దస్తావేజు నకలు ఉంటుంది. దాని కింద ఏం రాయాలన్న విషయంలో మేనత్తకూ నాకూ ఇంకా కుదరలేదు. ఆవిడ తన తండ్రి తరఫున ఒక వాక్యం రాస్తానంటోంది. నేను వేలిముద్రను కొంచెం పెద్దదిగా చేసి, కింద అప్ప అసలు పేరు మాత్రం వేద్దామంటున్నాను.